గోధుమలో మొక్కల సాంద్రతకు లక్షణాలు స్పందించే తీరు, దాని వెనుక జన్యువులు: తరచుగా అడిగే ప్రశ్నలు

గోధుమ జన్యువుల గురించి రాసే పత్రాల్లో ‘ఈ జన్యువు కంకుల సంఖ్యను పెంచుతుంది’ అన్న వాక్యం తరచుగా కనిపిస్తుంది. చదరపు మీటరుకు ఎన్ని మొక్కలున్న మడిలో పెంచుతుందో కూడా చెబితేనే ఆ వాక్యం పూర్తవుతుంది. పలుచగా విత్తిన మడిలో మేలు చేసిన జన్యువు ఒత్తుగా విత్తిన మడిలో ఏ ప్రభావమూ చూపకపోవచ్చు, ఒక్కోసారి కీడు కూడా చేయవచ్చు. విద్యార్థులు, ప్రయోగాలు మొదలుపెడుతున్న పరిశోధకులు ఈ విషయమై అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఉన్నాయి.

సాంద్రతను విత్తన మోతాదుతో కొలిస్తే సరిపోదా?

సరిపోదు. సాంద్రత అంటే చదరపు మీటరు నేలలో మొలిచి నిలదొక్కుకున్న మొక్కల సంఖ్య. హెక్టారుకు ఇన్ని కిలోలు అని చెప్పినప్పుడు గింజ బరువు, మొలక శాతం రెండూ ఆ అంకెలో కలిసిపోతాయి. ఉదాహరణకు హెక్టారుకు 120 కిలోలంటే చదరపు మీటరుకు 12 గ్రాములు. వెయ్యి గింజల బరువు 30 గ్రాములున్న రకంలో ఆ 12 గ్రాములకు 400 గింజలు తూగుతాయి. 50 గ్రాములున్న రకంలో 240 మాత్రమే తూగుతాయి. రెండు మడులకూ ఒకే మోతాదు వేశామని మనం అనుకుంటున్నా, నేలలో మాత్రం రెండు వేర్వేరు సాంద్రతలు ఉన్నాయన్నమాట.

జన్యుశాస్త్రంలో ఈ పొరపాటుకు చెల్లించే మూల్యం పెద్దది. తూకం ప్రకారం విత్తిన ప్రయోగంలో గింజ బరువును పెంచే జన్యువు పిలకల జన్యువులా కనిపిస్తుంది, ఎందుకంటే పెద్ద గింజల లైన్లన్నీ (లైను అంటే లక్షణాలు స్థిరపడిన వంశం) పలుచగా మొలిచి, దొరికిన ఖాళీలో ఎక్కువ పిలకలు వేస్తాయి. అందుకే గింజలను లెక్కపెట్టి విత్తాలి. చదరపు మీటరుకు 250 మొక్కలు కావాలి, 85 శాతం మొలుస్తాయి, వెయ్యి గింజల బరువు 40 గ్రాములు అనుకుంటే, 250ని 0.85తో భాగించగా 294 గింజలు, అంటే దాదాపు 11.8 గ్రాములు, హెక్టారుకు సుమారు 118 కిలోలు అవుతాయి. ఈ లెక్కను ప్రతి లైనుకూ విడిగా వేయాలి. విత్తిన తర్వాత మొలిచిన మొక్కలను కూడా లెక్కపెట్టి రాసుకోవాలి.

సాంద్రత మారినప్పుడు మొక్కలో నిజంగా ఏం మారుతుంది?

పలుచని మడి నుంచి ఒక మొక్కను, ఒత్తు మడి నుంచి మరొక మొక్కను వేళ్లతో సహా పెకలించి, మట్టి కడిగి పక్కపక్కన పెట్టి చూడండి. పలుచని మడి మొక్కలో ఎండిన ఆకు తొడుగులను ఒక్కొక్కటిగా ఒలిచి చూస్తే మధ్యలో ప్రధాన కాండం, మొదటి ఆకు మొదట్లో పుట్టిన పిలక, రెండో ఆకు మొదట్లో పుట్టిన పిలక, ఆ పిలకలకు మళ్లీ పుట్టిన చిన్న పిలకలు ఒక క్రమంలో కనిపిస్తాయి. ఒత్తు మడి మొక్కలో ప్రధాన కాండానికి తోడు ఒకటో రెండో పిలకలు నిలబడి ఉంటాయి. వాటి పక్కనే కొంత ఎదిగి ఎండిపోయిన పిలకల అవశేషాలు దారపు పోగుల్లా అంటుకుని ఉంటాయి. ఇంకా లోపలి తొడుగును ఒలిచి భూతద్దంతో చూస్తే, ఆవగింజంత కూడా లేని మొగ్గ ఒకటి పుట్టిన చోటే ఆగిపోయి కనిపిస్తుంది.

సాంద్రత ప్రభావం ప్రధానంగా ఆ మొగ్గ మీదే ఉంటుంది. ఒత్తుగా ఉన్న మొక్కలోనూ మొగ్గ పుడుతుంది. అది ఎదగాలా నిద్రలో ఉండిపోవాలా, ఎదిగిన పిలక కంకి వేసేదాకా బతకాలా మధ్యలో చావాలా అన్న నిర్ణయాలే సాంద్రతను బట్టి మారతాయి. ఆ నిర్ణయాల్లో పాల్గొనే జన్యువులనే మనం వెతుకుతున్నాం.

అన్ని లక్షణాలూ ఒకే మేరకు స్పందిస్తాయా?

లేదు. దిగుబడిని నాలుగు అంశాల గుణకారంగా రాయవచ్చు: చదరపు మీటరులో మొక్కలు, మొక్కకు కంకులు, కంకికి గింజలు, గింజ బరువు. సాంద్రత పెరిగినప్పుడు మొక్కకు కంకుల సంఖ్య బాగా పడిపోతుంది, కంకికి గింజల సంఖ్య కొంత తగ్గుతుంది, గింజ బరువు సాధారణంగా అన్నిటికంటే తక్కువగా మారుతుంది. ఈ వరుసకు మొక్క ఎదుగుదల క్రమమే కారణం. పిలకలు ముందుగా ఏర్పడతాయి కనుక కొరత దెబ్బ మొదట వాటి మీద పడుతుంది. వాటి సంఖ్య తగ్గడంతో మిగిలిన కాండాలకు ఆహారం అందుతుంది. గింజ నిండే సమయానికి సర్దుబాటు చాలావరకు పూర్తయి ఉంటుంది.

లెక్క కోసం అనుకున్న అంకెలతో చూద్దాం. చదరపు మీటరుకు 100 మొక్కలు, మొక్కకు 5 కంకులు, కంకికి 38 గింజలు, గింజకు 42 మిల్లీగ్రాములు అయితే 798 గ్రాములు వస్తాయి. 400 మొక్కలు, మొక్కకు 1.4 కంకులు, కంకికి 33 గింజలు, గింజకు 41 మిల్లీగ్రాములు అయితే దాదాపు 758 గ్రాములు వస్తాయి. మొక్కల సంఖ్య నాలుగు రెట్లయినా దిగుబడి దాదాపు అక్కడే ఉంది. గోధుమ దిగుబడి విశాలమైన సాంద్రత పరిధిలో చదునుగా ఉండటానికి ఈ సర్దుబాటే మూలం. చదునైన ఆ గీతను చూసి అడుగున మార్పేమీ లేదనుకుంటే పొరపాటు: పైకి కనిపించే ఆ నిలకడ లోపల ఒకదానికొకటి ఎదురుగా జరిగిన పెద్ద మార్పుల ఫలితం.

మొక్క ఎత్తు, కాండం మందం, ఆకుల వాలు కూడా సాంద్రతతో మారతాయి. ఒత్తులో కాండం సన్నబడి, కింది కణుపుల మధ్య దూరం పెరిగి, చేను పడిపోయే ప్రమాదం ఎక్కువవుతుంది.

స్పందించే తీరు కూడా వారసత్వంగా వస్తుందా?

వస్తుంది. ఒక లైనును రెండు మూడు సాంద్రతల్లో పెంచి, లక్షణం విలువలను గీతగా గీస్తే దాన్ని ఆ లైను ప్రతిస్పందన రేఖ అంటారు. రెండు లైన్ల రేఖలు సమాంతరంగా ఉంటే వాటి మధ్య తేడా సాంద్రత మీద ఆధారపడదు. వాలు వేరైతే వాటి స్పందన వేరు. రేఖలు ఒకదాన్నొకటి దాటితే పలుచని మడిలో మెరుగైన లైను ఒత్తు మడిలో వెనకబడుతుంది. ప్రజనన శాస్త్రవేత్తకు నిజంగా ఇబ్బంది కలిగించేది ఈ మూడో సందర్భమే. రేఖ ఎత్తు ఒక లక్షణం, దాని వాలు మరొక లక్షణం. రెండింటినీ కొంతవరకు వేర్వేరు జన్యువులు నియంత్రించవచ్చు. వాలును కొలిచే పద్ధతిని 1963లో ఫిన్లే, విల్కిన్‌సన్ బార్లీ మీద చేసిన పనితో ప్రాచుర్యంలోకి తెచ్చారు. అందులో పరిసరం విలువగా అక్కడ పెరిగిన లైన్లన్నిటి సగటును తీసుకుంటారు. సాంద్రత ప్రయోగంలో ఆ అవసరం లేదు. మొక్కల సంఖ్య మనకు నేరుగా తెలుసు కనుక దాన్నే అడ్డ అక్షం మీద పెట్టుకోవచ్చు.

పక్కన మరో మొక్క ఉందని గోధుమకు ఎలా తెలుస్తుంది?

నీడ పడకముందే తెలుస్తుంది. పచ్చని ఆకులు ఎరుపు కాంతిని పీల్చుకుని, సుదూర ఎరుపు కాంతిని (ఎరుపును దాటి, మన కంటికి దాదాపు కనిపించని కాంతిని) చాలావరకు వెనక్కి పంపుతాయి, కిందికి వదులుతాయి. ఆరుబయట పగటి వెలుతురులో ఎరుపు, సుదూర ఎరుపుల నిష్పత్తి సుమారు 1.2 ఉంటుంది. చుట్టూ ఆకులు పెరిగేకొద్దీ అది పడిపోతుంది. ఈ మార్పును ఫైటోక్రోమ్ అనే ప్రొటీన్లు పసిగడతాయి. నిష్పత్తి తగ్గగానే కాండం, ఆకు తొడుగు సాగుతాయి, పిలక మొగ్గలు ఆగిపోతాయి. చుట్టూ వెలుతురు సమృద్ధిగా ఉన్నా, మొక్క మొదలుకు సుదూర ఎరుపు కాంతిని చేర్చితే పిలకలు వేయడం తగ్గుతుందని ప్రయోగాలు చూపాయి. అంటే ఆహారం చాలక పిలకలు ఆగే దశకు ముందే, పొరుగు వస్తోందన్న సంకేతానికి మొక్క స్పందిస్తోంది.

దీని తర్వాత నీడ, నీరు, నత్రజని కోసం పోటీ మొదలవుతాయి. సంకేతానికి స్పందించే జన్యువులు, కొరతకు స్పందించే జన్యువులు ఒకటే కానవసరం లేదు. కోత నాటికి కంకులను లెక్కించినప్పుడు ఈ రెండూ కలిసిపోయి ఒకే అంకెగా కనిపిస్తాయి. పిలకలను వారం వారం లెక్కపెట్టిన ప్రయోగాలు విలువైనవని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

పిలకల సంఖ్యను నియంత్రించే జన్యువుల్లో సాంద్రతతో ముడిపడినవి ఏవి?

అన్నిటికంటే ముందు చెప్పుకోవలసినది టిన్ జన్యువు. ఇది 1ఏ క్రోమోజోము పొట్టి భుజం మీద ఉంది. దీని యుగ్మవికల్పం (జన్యువు మారిన రూపం) ఉన్న మొక్క పిలకలు వేయడాన్ని తొందరగా ఆపేస్తుంది, కాండాలు మందంగా ఉంటాయి, కంకులు పెద్దవై ఎక్కువ గింజలు పట్టుకుంటాయి. 2017లో వెలువడిన పరిశోధన ఈ లక్షణాన్ని సెల్యులోజ్ సింథేజ్ వంటి ఒక జన్యువులోని పునరావృత భాగం పొడవులో వచ్చిన మార్పుతో ముడిపెట్టింది. టిన్ లైన్లలో కాండం కణుపులు ముందుగానే సాగడం మొదలై, మొగ్గకు చేరవలసిన చక్కెరను లాగేసుకుంటాయని, అందుకే మొగ్గ నిద్రలోకి జారుతుందని అంతకు ముందే మరో అధ్యయనం చూపింది.

ఈ జన్యువును సాంద్రత ప్రసక్తి లేకుండా మంచిదనో చెడ్డదనో అనలేము. పలుచని మడిలో, లేదా మొలక సరిగా రాక ఖాళీలు మిగిలిన మడిలో, టిన్ మొక్క ఆ ఖాళీని పూరించలేదు, దిగుబడి నష్టపోతాం. ఒత్తుగా, సమంగా మొలిచిన మడిలో మామూలు మొక్క ఎలాగూ కొన్ని పిలకలను వేసి చంపుకుంటుంది. టిన్ మొక్క ఆ వృథా పెరుగుదలను ముందే మానుకుంటుంది. నీరు చివర్లో తగ్గే చోట్ల ఈ పొదుపు పనికొస్తుందన్న ఆలోచనతోనే దీని మీద చాలా పరిశోధన జరిగింది.

రెండోది టీబీ1. ఇది మొగ్గల ఎదుగుదలను అణచే జన్యువు. మొక్కజొన్న తన అడవి పూర్వరూపమైన టియోసింటే నుంచి తక్కువ కొమ్మల మొక్కగా మారడంలో దీని పాత్ర ప్రసిద్ధం. గోధుమలో టీబీ1 మోతాదు పెరిగితే పిలకలు తగ్గుతాయని, కంకి మీద చిరుకంకులు (కొన్ని పుష్పాలున్న చిన్న గుత్తులు) జంటగా ఏర్పడతాయని 2018లో తేలింది. పిలకను, కంకి నిర్మాణాన్ని ఒకే జన్యువు తాకుతోంది కనుక ఒకటి మార్చబోతే రెండోది కూడా కదులుతుంది.

మైక్రో ఆర్‌ఎన్‌ఏ 156, అది అదుపు చేసే ఎస్‌పీఎల్ జన్యువులు, స్ట్రిగోలాక్టోన్ హార్మోను దారి కూడా గోధుమ పిలకలను నియంత్రిస్తాయి. మైక్రో ఆర్‌ఎన్‌ఏ 156 మోతాదు పెంచిన మొక్కలు గుబురుగా పిలకలు వేస్తాయి.

పొట్టి జన్యువులకు సాంద్రతతో ఏమి సంబంధం?

చాలా దగ్గర సంబంధం ఉంది. ఆర్‌హెచ్‌టీ-బీ1బీ, ఆర్‌హెచ్‌టీ-డీ1బీ అనే యుగ్మవికల్పాలు 4బీ, 4డీ క్రోమోజోముల మీద ఉంటాయి. ఇవి 1935లో జపాన్‌లో విడుదలైన నోరిన్ 10 అనే గోధుమ ద్వారా ప్రపంచమంతా వ్యాపించాయి. ఆ గింజలు 1946లో అమెరికా చేరాయి. గోధుమ ప్రజనన శాస్త్రవేత్తలు ఆర్విల్ వోగెల్, తర్వాత నార్మన్ బోర్లాగ్ వాటిని తమ సంకరాల్లో వాడారు. ఈ జన్యువులు డెల్లా ప్రొటీన్లను తయారుచేస్తాయని, పొట్టి యుగ్మవికల్పంలో ఆ ప్రొటీను, కాండాన్ని సాగదీసే జిబ్బరెల్లిన్ హార్మోను మాట వినకుండా పెరుగుదలను అణచి ఉంచుతుందని 1999లో తెలిసింది.

సాంద్రతకు సంబంధించి ఇవి మూడు చోట్ల కలుగజేసుకుంటాయి. మొదటిది, చేను పడిపోవడం. పొడుగు రకాలను ఒత్తుగా విత్తి ఎరువు వేస్తే సన్నని కాండాలు కంకి బరువు మోయలేక ఒరుగుతాయి. కాబట్టి పొడుగు, పొట్టి లైన్లు కలిసిన సంతతిలో ‘ఒత్తులో దిగుబడి తగ్గకుండా కాపాడే స్థానం’ అని జన్యువులను వెతికే గ్రాఫులో 4బీ మీదో 4డీ మీదో ఒక శిఖరం కనిపిస్తే, అది కొత్త జన్యువు కాకపోవచ్చు. ఆ సంవత్సరం వీచిన గాలికి పొడుగు మొక్కలు పడిపోయాయన్న పాత కథే కావచ్చు. పడిపోయిన శాతాన్ని మడి మడికీ రాసుకోని ప్రయోగంలో ఈ రెండింటినీ విడదీయడం సాధ్యం కాదు.

రెండోది, గింజల సంఖ్య. కాండం తక్కువగా సాగడం వల్ల పూతకు ముందు మిగిలిన ఆహారం కంకికి చేరి, ఎక్కువ పుష్పాలు బతికి గింజలవుతాయి. మూడోది చాలామంది పట్టించుకోనిది: ఈ పొట్టి యుగ్మవికల్పాలు మొలకను నేల పైకి చేర్చే తొడుగును కూడా పొట్టిగా చేస్తాయి. లోతుగా విత్తితే కొన్ని మొలకలు పైకి రాలేవు. అంటే లెక్కపెట్టి సమానంగా విత్తినా పొట్టి లైన్ల మడుల్లో మొక్కలు తక్కువ కావచ్చు. జన్యువు తాను పెరగబోయే సాంద్రతనే మార్చేస్తోంది. ఇటలీలో నజరెనో స్ట్రాంపెల్లి జపాన్ రకం అకకొముగి నుంచి తెచ్చిన ఆర్‌హెచ్‌టీ8 జన్యువుకు ఈ లోపం లేదు. అది ఎత్తు తగ్గించినా మొలక తొడుగును పొట్టిగా చేయదు.

ఆకులు నిటారుగా ఉంటే ఒత్తు సాంద్రతలో మేలు జరుగుతుందా?

తర్కం అదే చెబుతుంది. పై ఆకులు నిటారుగా ఉంటే వెలుతురు కిందికి దిగుతుంది, కింది ఆకులూ పనిచేస్తాయి, ఒక్కో పిలకకు కావలసిన చోటు తగ్గుతుంది. గోధుమలో దీనికి మంచి నిదర్శనం టీఏఎస్‌పీఎల్8. ఆకు పత్రం తొడుగును కలిసే చోట ఉండే కీలు ఏర్పడటానికి ఈ జన్యువు కావాలి. అది పనిచేయని మొక్కల్లో కీలు లేక ఆకులు నిటారుగా నిలుస్తాయి; ఒత్తుగా విత్తినప్పుడు వాటిలో కంకుల సంఖ్య పెరిగిందని 2019లో ప్రచురించారు. ఆక్సిన్, బ్రాసినోస్టీరాయిడ్ అనే రెండు హార్మోన్ల దారుల మీదుగా ఇది పనిచేస్తుంది.

2023లో చైనా పరిశోధకులు మరో మార్గం చూపారు. 4బీ క్రోమోజోము మీద దాదాపు 5 లక్షల బేస్ జతల (డీఎన్‌ఏ అక్షరాల) భాగం సహజంగా ఊడిపోవడంతో ఆర్‌హెచ్‌టీ-బీ1తోపాటు జెడ్‌ఎన్‌ఎఫ్-బీ అనే జన్యువు కూడా పోయింది. దానివల్ల బ్రాసినోస్టీరాయిడ్ సంకేతం బలహీనపడి మొక్క పొట్టిగా, బిగువుగా తయారైంది. నోరిన్ 10 నుంచి వచ్చిన పొట్టి యుగ్మవికల్పాలు లేకుండానే ఈ ఆకృతి సాధ్యమైంది, గింజ చిన్నబడే సమస్య కూడా తప్పింది. ఈ మొత్తం అంశంలో నాకు అన్నిటికంటే ఆశ కలిగించే ఫలితం ఇది.

కంకి, గింజ జన్యువులు సాంద్రతతో మారతాయా?

జన్యువు మారదు, దాని ప్రభావం కనిపించే అవకాశం మారుతుంది. ఒక్కో చిరుకంకిలో ఆరుకు పైగా పుష్పాల మొదళ్లు ఏర్పడతాయి. అందులో రెండు నుంచి నాలుగు మాత్రమే సాధారణంగా గింజలవుతాయి. జీఎన్‌ఐ-ఏ1 అనే జన్యువు పై పుష్పాల ఎదుగుదలను అణచుతుంది. దాని శక్తి తగ్గిన యుగ్మవికల్పం ఉంటే ఎక్కువ పుష్పాలు గింజ కడతాయని 2019లో చూపారు. కంకికి ఆహారం కరువైన ఒత్తు మడిలో పై పుష్పాలు ఎలాగూ ఎండిపోతాయి కనుక అక్కడ ఇలాంటి యుగ్మవికల్పానికి మేలు చేసే చోటు తక్కువని ఊహించవచ్చు.

7ఏ క్రోమోజోము మీది వాపో-ఏ1 కంకికి చిరుకంకుల సంఖ్యను నిర్ణయించడంలో పాల్గొంటుంది. చిరుకంకుల సంఖ్య కంకి చాలా చిన్నగా ఉన్నప్పుడే తేలిపోతుంది. గింజ వెడల్పును తగ్గించే టీఏజీడబ్ల్యూ2 ప్రతి పనిచేయకుండా పోతే గింజ పెద్దదవుతుంది. గింజ బరువు సాంద్రతకు తక్కువగా స్పందిస్తుంది కనుక దాని స్థానాలు వేర్వేరు సాంద్రతల్లో నిలకడగా దొరకడం సహజం.

పూత కాలాన్ని నిర్ణయించే జన్యువులు?

పీపీడీ-డీ1, వీఆర్‌ఎన్1 వంటివి పిలకలు వేసే కాలం నిడివిని మారుస్తాయి. త్వరగా పూసే లైనుకు ఖాళీని పూరించుకునే గడువు తక్కువ కనుక అది పలుచని మడిలో ఎక్కువ నష్టపోతుంది. సాంద్రత స్పందనకు దొరికిన ఏ స్థానమైనా పూత తేదీ స్థానంతో కలిసి ఉందేమో ముందుగా చూడాలి.

స్పందన జన్యు స్థానాలను ఎలా వెతుకుతారు?

రెండు భిన్నమైన తల్లిదండ్రుల సంకరం నుంచి స్థిరపడిన వంద, రెండు వందల లైన్లను, లేదా విభిన్న రకాల పెద్ద సమూహాన్ని తీసుకుని, కనీసం రెండు సాంద్రతల్లో పెంచి, డీఎన్‌ఏ గుర్తులతో లక్షణాలను సరిపోలుస్తారు. దొరికిన ప్రాంతాన్ని పరిమాణాత్మక లక్షణ స్థానం, వాడుకలో క్యూటీఎల్ అంటారు. 2018లో చైనీస్ స్ప్రింగ్ రకం పూర్తి జన్యుక్రమం లక్షకు పైగా జన్యువులతో వెలువడిన తర్వాత, స్థానం నుంచి జన్యువుకు చేరే దారి బాగా దగ్గరైంది.

ఒక సాంద్రతలోనే కనిపించిన క్యూటీఎల్‌ను ‘సాంద్రతకు ప్రత్యేకమైనది’ అనవచ్చా?

అంత తొందరగా అనకూడదు. నన్ను ఈ రంగంలో ఎక్కువగా కలవరపెట్టే అలవాటు ఇదే. ఆమోదించే గీత ఎల్‌ఓడీ విలువ (ఆ చోట జన్యువు ఉందనడానికి ఉన్న సాక్ష్యపు బలం) 3 దగ్గర ఉందనుకోండి. ఒత్తు మడిలో ఒక స్థానానికి 3.2 వచ్చింది, పలుచని మడిలో అదే స్థానానికి 2.8 వచ్చింది. పట్టికలో మొదటిది ఉంటుంది, రెండోది ఉండదు. చదివేవారు ఆ జన్యువు ఒత్తులో మాత్రమే పనిచేస్తుందనుకుంటారు. నిజానికి రెండు చోట్లా ప్రభావం ఒకటే కావచ్చు. ఒక సాంద్రతలో గీత దాటి, మరొక దానిలో దాటకపోవడం రెండు ప్రభావాల మధ్య తేడాకు రుజువు కాదు. క్యూటీఎల్, సాంద్రతల పరస్పర చర్యను ఒకే నమూనాలో పెట్టి, ఆ పదం మీదనే పరీక్ష చేయాలి.

రెండో చిక్కు కొలమానానిది. ఒక యుగ్మవికల్పం పిలకలను 20 శాతం పెంచుతుందనుకుందాం. పలుచని మడిలో సగటు 5 పిలకలుంటే పెరుగుదల 1 పిలక. ఒత్తు మడిలో సగటు 1.5 ఉంటే పెరుగుదల 0.3 పిలక. పిలకల సంఖ్యలో చూస్తే పెద్ద పరస్పర చర్య కనిపిస్తుంది. లాగరిథమ్‌లోకి మార్చి చూస్తే అది మాయమవుతుంది. ఏది సరైనదన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. దిగుబడి లెక్కకు పిలకల సంఖ్య ముఖ్యం, జన్యువు పనితీరు అర్థం చేసుకోవడానికి నిష్పత్తి ముఖ్యం. రెండు కొలమానాల్లోనూ ఫలితం రాయడమే నిజాయితీ. రేఖలు ఒకదాన్నొకటి దాటే పరస్పర చర్య మాత్రం లాగరిథమ్ తీసుకున్నా పోదు. అలాంటిది దొరికితే దాన్ని మరింత నమ్మవచ్చు.

రెండు సాంద్రతల మధ్య తేడానే ఒక లక్షణంగా తీసుకుంటే సులువు కదా?

సులువే, కానీ దాని అనువంశికత తక్కువగా వస్తుంది. రెండు కొలతలలోని పొరపాట్లూ తేడాలో కలుస్తాయి. ఒక్కో కొలతకు ఒకే విచలనముంటే తేడా విచలనం దానికి సుమారు 1.41 రెట్లు అవుతుంది. పైగా రెండు సాంద్రతల్లోనూ ఉమ్మడిగా ఉన్న జన్యు భాగం తీసివేతలో పోతుంది. సంకేతం తగ్గి, సద్దు పెరుగుతుంది. మూడు నాలుగు సాంద్రతలు వేసి వాలు తీసుకోవడం కొంత మెరుగు.

ప్రయోగాన్ని ఎలా అమర్చాలి?

స్ప్లిట్ ప్లాట్ అమరిక ఇక్కడ బాగా సరిపోతుంది: సాంద్రతను పెద్ద మడులకు, లైన్లను వాటిలోని చిన్న మడులకు కేటాయించాలి. సాంద్రత సగటు ప్రభావాన్ని ఇది కొంత తక్కువ కచ్చితంగా కొలుస్తుంది. మనకు కావలసిన లైను, సాంద్రతల పరస్పర చర్యను మాత్రం ఎక్కువ కచ్చితంగా కొలుస్తుంది. పలుచని మడి పక్కన ఒత్తు మడి పడి దానికి నీడనివ్వడం కూడా తప్పుతుంది. అంచు వరుసలను కొలతల్లో కలపకూడదు. అంచు మొక్కకు ఒక పక్క ఖాళీ ఉంటుంది, అంటే అది నిజానికి వేరే సాంద్రతలో పెరిగిన మొక్క. అన్ని లైన్ల విత్తనమూ ఒకే సంవత్సరం, ఒకే పొలంలో పండినదై ఉండాలి. లేకపోతే విత్తనపు ఓజస్సులోని తేడాలు జన్యువుల తేడాలుగా కనిపిస్తాయి.

తొలి తరాల్లో విడిమొక్కలను చూసి ఎంచుకుంటే ఏం నష్టం?

దూరదూరంగా నాటిన వరసలో అందరి కన్ను పడేది గుబురుగా పిలకలు వేసి, ఆకులు పరిచి, పక్క మొక్కను కప్పేసే మొక్క మీద. దాన్ని ఎంచుకుంటాం. దాని సంతానంతో మడి నింపితే ప్రతి మొక్కా తన తోబుట్టువుతోనే పోరాడుతుంది. కాండాలకు, ఆకులకు, చచ్చిపోయే పిలకలకు ఖర్చు చేసిన ఆహారం గింజకు చేరదు. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త కోలిన్ డొనాల్డ్ 1968లో దీనికి భిన్నమైన ఆదర్శ గోధుమను ప్రతిపాదించారు: పొట్టి గట్టి కాండం ఒక్కటే, తక్కువ సంఖ్యలో చిన్న నిటారు ఆకులు, పెద్ద నిటారు కంకి, పొరుగుతో పోటీలో బలహీనత. బలహీనతను కోరుకోవడం మొదట వింతగా అనిపిస్తుంది. చేనంతా ఒకే కుటుంబం కనుక తోటి మొక్కతో పోటీ పడకపోవడమే అందరికీ లాభం. ఒకే కాండమన్న షరతు మరీ కఠినమని నా అభిప్రాయం, ఎందుకంటే మొలకలో ఖాళీలు రాని పొలం ఉండదు. మిగిలిన షరతులు ఇప్పటికీ నిలుస్తాయి.

మొక్కజొన్నలా గోధుమను కూడా ఇంకా ఇంకా ఒత్తుగా వేయవచ్చా?

పోలిక అంతగా కుదరదు. నేటి మొక్కజొన్న సాధారణంగా పిలకలు వేయదు, మొక్కకు దాదాపు ఒకే కండె. ఖాళీని పూరించలేదు కనుక దిగుబడి పెంచాలంటే మొక్కలు పెంచక తప్పలేదు. గోధుమకు పిలకల వెసులుబాటు ఉంది.

మూడు జన్యుసముదాయాలు ఉండటం వల్ల ఏమైనా ఇబ్బంది ఉందా?

ఉంది. రొట్టె గోధుమలో ఏ, బీ, డీ అని మూడు ఉప జన్యుసముదాయాలు, మొత్తం 42 క్రోమోజోములు ఉంటాయి. చాలా జన్యువులకు మూడేసి ప్రతులున్నాయి. ఒక ప్రతి పనిచేయకపోయినా మిగిలిన రెండూ లోటు పూరిస్తాయి కనుక, ఒక ప్రతిని పనిచేయకుండా చేసే మార్పు ప్రకృతిలో ఉన్నా పైకి కనిపించదు. ఇప్పటివరకు తెలిసిన పెద్ద ప్రభావాల్లో ఆర్‌హెచ్‌టీ-బీ1బీ లాంటివి ఒక్క ప్రతితోనే బయటపడే రకానివి కావడం యాదృచ్ఛికం కాదు.

ఎక్కువగా స్పందించే లైను మంచిదా, నిలకడగా ఉండేది మంచిదా?

ఏ లక్షణం గురించి అడుగుతున్నారో చెప్పాలి. పిలకల్లో స్పందన ఉంటేనే దిగుబడిలో నిలకడ వస్తుంది. మొలక అనిశ్చితంగా ఉండే పొలానికి తొలిదశలో ఖాళీని చూసి పిలకలు వేసే, చోటు నిండగానే వెంటనే ఆపే లైను కావాలి; ఆపడం ఆలస్యమైతే చనిపోయే పిలకలు పెరుగుతాయి. కచ్చితమైన యంత్రంతో సమంగా విత్తి, సమంగా మొలిచే పొలానికి తక్కువ పిలకల, పెద్ద కంకుల, పడిపోని లైను సరిపోతుంది. కాండం మందం విషయంలో మాత్రం ఎక్కడైనా నిలకడే కావాలి.

ఒకే సాంద్రతలో పరీక్షించే స్థోమత మాత్రమే ఉంటే ఏం చేయాలి?

ఆ రకం చివరికి పెరగబోయే పొలాల్లో వాడే సాంద్రతనే తీసుకోండి, గింజలను లెక్కపెట్టి విత్తండి, మొలిచిన రెండు వారాలకు ప్రతి మడిలో రెండు చోట్ల మీటరు పొడవు వరుసలో మొక్కలను లెక్కించి రాసుకోండి. విశ్లేషణలో ఆ సంఖ్యను సహచర చరరాశిగా (దాని ప్రభావాన్ని సవరించే అదనపు అంశంగా) పెట్టండి. మొలకలోనే జన్యువుల పాత్ర ఉండవచ్చు కనుక అది పెట్టిన ఫలితాన్నీ, పెట్టని ఫలితాన్నీ రెండింటినీ ప్రచురించండి, మొక్కల సంఖ్యను పట్టిక తలభాగంలోనే రాయండి.